కరిగితే చాలదు, పేరుకోవాలి: రేకుల షెడ్డు సీలింగ్‌లో మైనం క్యాప్సూళ్ళు

తప్పు మాదే. ఆ మాట చెప్పేసి మిగతాది మొదలుపెడతాను.

విజయవాడ దగ్గర పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్ పలకలు పోతపోసి అమ్మే ఒకాయన, ఒక మార్చి నెలలో జీడిమెట్లలో ఉన్న మా ల్యాబుకు వచ్చారు. ఆయన సరుకు ఎక్కువగా పోయేది రేకుల షెడ్లకే. కోళ్ళ ఫారం పక్కన కాపలా గది, కుట్టుమిషన్ల షెడ్డు, రోడ్డు పక్క టిఫిన్ సెంటరు, ఇలాంటివి. పైన సిమెంటు రేకు, దాని కింద రెండడుగుల ఖాళీ, ఆ కింద పలకలు. మధ్యాహ్నం మూడింటికి ఆ సీలింగ్ కింద కూర్చుంటే నెత్తి మీద పెనం బోర్లించినట్టు ఉంటుంది.

"పలకలో ఏదో పొడి కలిపితే వేడి కిందికి దిగకుండా ఆపుతుందంట గదమ్మా" అన్నారాయన.

ఆపుతుంది. ఆ పొడి తయారీయే మా పని. మైనం లాంటి పదార్థాన్ని కంటికి ఆనని ప్లాస్టిక్ పెంకుల్లో మూసేస్తాం. వీటిని మైక్రోక్యాప్సూళ్ళు అంటారు. లోపలున్న మైనాన్ని మా వాళ్ళు పీసీఎం అంటారు, అంటే స్థితి మారేటప్పుడు వేడిని దాచుకునే పదార్థం. ఇందులో కొత్త సైన్సేమీ లేదు. చలికాలంలో పేరుకున్న నెయ్యి గిన్నెను పొయ్యి మీద పెట్టి చూడండి. గడ్డ మొత్తం కరిగేదాకా నెయ్యి పెద్దగా వేడెక్కదు. పొయ్యి ఇచ్చే వేడంతా కరగడానికే పోతుంది. ఆ దాగిన వేడే గుప్తోష్ణం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్ళు చాలు, ఒక గ్రాము మంచు కరగాలంటే 334 కావాలి. మేం వాడే మైనాలకు, అంటే పారఫిన్లకు, ఈ లెక్క గ్రాముకు 240 జౌళ్ళ చుట్టూ ఉంటుంది.

మైనాన్ని నేరుగా పీవోపీలో కలిపేస్తే పోదా అంటే, పోదు. కరిగినప్పుడు అది నూనె. పలకలోంచి చెమటలా కారుతుంది. కరిగేటప్పుడు పరిమాణం పదో వంతు పెరుగుతుంది, గడ్డకట్టేటప్పుడు తగ్గుతుంది. పైగా వేడిని సరిగా పోనివ్వదు, పెద్ద ముద్దగా ఉంటే అంచులు కరిగినా నడిమధ్య గట్టిగానే ఉండిపోతుంది. బాగా చిన్న ముక్కలు చేసి ఒక్కోదానికి పెంకు కడితే ఈ ఇబ్బందులన్నీ ఒకేసారి తీరతాయి. తీరి, ఇంకో ఇబ్బంది పుడుతుంది. ఈ కేసు అంతా దాని గురించే.

మొదటి పొడి

మేం ఇచ్చిన మొదటి పొడిలో ఉన్నది ఆక్టాడెకేన్. 18 కార్బన్ల పారఫిన్, 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే నిజాయితీగా ఒకటే జవాబు: మా దగ్గర తయారుగా ఉంది. ఈ రంగంలో ఎవరు ప్రయోగం మొదలుపెట్టినా ముందు దానితోనే మొదలుపెడతారు. భవనాల్లో క్యాప్సూళ్ళ వాడకం ముందుగా గట్టిపడింది యూరప్‌లో. జర్మనీలో బీఏఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీ 'మైక్రోనల్' పేరుతో అమ్మిన క్యాప్సూళ్ళు 21, 23, 26 డిగ్రీల దగ్గర కరిగేవి. అక్కడి రాత్రులకు అవి సరిపోతాయి. మనది వేడి ప్రాంతం కదా, రెండు డిగ్రీలు పైన 28 పెడితే సరిపోతుందనుకున్నాం.

ఏప్రిల్ చివర్లో ఆయన పలకలు పోసి, పక్కపక్కనే ఉన్న రెండు గదుల్లో ఒకదానికి మా పలకలు, ఇంకోదానికి మామూలు పలకలు బిగించారు. రెండూ పదడుగులకు పదడుగులు, ఒకే రేకు కింద. మొదటి రోజు సాయంత్రం ఫోను: "అద్భుతం అమ్మా. ఆ గదికీ ఈ గదికీ తేడా చేత్తో పట్టుకుంటే తెలుస్తోంది." మూడో రోజు మళ్ళీ ఫోను. ఈసారి గొంతు మారింది. "మీ పొడి ఒక్క రోజు సరుకా అమ్మా? నిన్నటి నుంచి రెండు గదులూ ఒకేలా కాలుతున్నాయి."

టెన్షన్ పడుతూ వెళ్ళాను. పెంకులు పగిలి మైనం కారిపోయిందేమోనని నా అనుమానం. ఒక పలక విప్పి, వెనకవైపు గీకి, ఆ ముక్కల్ని కాగితం మీద పెట్టి రాత్రంతా ఉంచాను. మరక రాలేదు, పెంకులు బాగానే ఉన్నాయి. పలకలో పెట్టిన సెన్సర్ రీడింగులు లాగి చూస్తే అసలు సంగతి తెలిసింది. తెల్లవారుజామున ఐదింటికి, అంటే రోజు మొత్తంలో అతి చల్లటి వేళ, పలక ఉష్ణోగ్రత 29.5. 28 కిందికి ఒక్కసారి కూడా దిగలేదు.

మరి మొదటి రోజు ఎలా పనిచేసింది? బిగించే ముందు పలకలన్నీ ఆయన ఆఫీసు గదిలో, ఏసీ కింద పేర్చి ఉన్నాయి. అక్కడ చక్కగా గడ్డకట్టి వచ్చిన మైనం మొదటి మధ్యాహ్నం కరిగింది. కరిగింది కరిగినట్టే ఉండిపోయింది. బెజవాడలో మే నెల రాత్రి కనిష్ఠమే 28 దగ్గర ఆడుతుంది, ఇక రేకుల గది లోపల చెప్పేదేముంది? మా పొడి ఆ ఏప్రిల్‌లో ఒక్కసారి కరిగి, వానలు పడేదాకా నూనెగానే కూర్చుంది.

మేం నెలల తరబడి ఎన్ని డిగ్రీలకు కరగాలి అనే ప్రశ్నే వేసుకున్నాం. వేసుకోవాల్సిన ప్రశ్న ఎన్ని డిగ్రీలకు పేరుకోవాలి అని. కరిగించే పని సూర్యుడు చేసిపెడతాడు, దానికి మన సాయం అక్కర్లేదు. రాత్రి పూట మళ్ళీ గడ్డ కట్టించడమే మన పని.

ఈ దెబ్బ తిన్నది మేమే మొదటివాళ్ళం కాదు. 1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త ఎండ వేడితోనే చలికాలం గడిపే ఇల్లు కట్టించారు. వేడి దాచడానికి వాడింది గ్లాబర్ లవణం, 32.4 డిగ్రీలకు కరిగే చవకైన ఉప్పు. కరిగినప్పుడు అందులో కొంత ఉప్పు విడిపోయి డబ్బా అడుగుకు చేరేది, మళ్ళీ పూర్తిగా పేరుకునేది కాదు. కొన్ని శీతాకాలాలకే ఆ ఏర్పాటు చేతులెత్తేసింది. అదీ కరగడంలో ఓడిపోలేదు.

36 అంటే చల్లగా ఉన్నట్టా?

సెన్సర్ లెక్కలు ముందు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాం. మధ్యాహ్నం పలక 44, 45 దాకా పోతోంది. రాత్రి 29, 30కి దిగుతోంది. కాబట్టి కావలసిన పదార్థం 40 లోపు కరగాలి, 31కి పైనే పేరుకోవాలి. సందు అంతే.

కాల్షియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 29కే కరుగుతుంది, గ్లాబర్ లవణం 32.4కి. రెండూ నీటిలో కరిగిపోయేవి, నీటిలో నూనె బిందువుల్ని చేసి పెంకు కట్టే మా పద్ధతికి అసలు లొంగవు. కాప్రిక్ ఆమ్లం 31, 32 దగ్గర, సందు అంచున. పైగా ఆ పేరే లాటిన్‌లో మేక నుంచి వచ్చింది, సీసా మూత తీస్తే ఎందుకో తెలుస్తుంది. పడకగది సీలింగ్‌లో పెట్టే ధైర్యం నాకు లేదు. లారిక్ ఆమ్లం 44కి కరుగుతుంది, ఎక్కువైపోయింది. మిగిలింది ఐకోసేన్, 20 కార్బన్ల పారఫిన్. 36.5 చుట్టూ కరుగుతుంది, గుప్తోష్ణం గ్రాముకు 245 జౌళ్ళ దాకా. చిన్న ముక్క అరచేతిలో పెట్టుకుని కాసేపు మూస్తే అంచులు జారుతుంటాయి, నడిమధ్య మాత్రం మొండికేస్తుంది.

కస్టమర్ వెంటనే అడిగారు: "36 అంటే చల్లగా ఉన్నట్టా అమ్మా?"

కాదు. కానీ 45తో పోలిస్తే ఆ గదిలో మనిషికి తెలిసే తేడా. ఏసీకి బదులు కాదని ఆ రోజే లెక్క వేసి చూపించాను. చదరపు మీటరు పలక బరువు సుమారు 10 కిలోలు. ఐదో వంతు క్యాప్సూళ్ళు కలిపితే 2 కిలోలు. గ్రాముకు 160 జౌళ్ళు వేసుకుంటే 320 కిలోజౌళ్ళు, అంటే 90 వాట్-అవర్ల లోపే. పదడుగుల గది సీలింగ్ మొత్తం కలిపితే ఒక యూనిట్ కన్నా తక్కువ. ఒక టన్ను ఏసీ ఆ వేడిని పావుగంటలో బయటికి తోసేస్తుంది. వినగానే ఆయన ముఖం వాడిపోయింది. కానీ పలక మీదుగా చదరపు మీటరుకు 30 వాట్ల చొప్పున వేడి దిగుతోందనుకుంటే, ఆ 90 వాట్-అవర్లు మూడు గంటలు కాపు కాస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు. కరెంటు లేకుండా, చప్పుడు లేకుండా. మా పొడి అమ్మాల్సింది ఆ మూడు గంటల కోసమే, ఇంకేదో చెప్పి అమ్మితే మోసం.

పెంకు కట్టడం

పెంకుకు మెలమిన్ ఫార్మాల్డిహైడ్ ఎంచుకున్నాం. మెలమిన్ పళ్ళేల కుటుంబానిదే. గట్టిది, వేడికి తట్టుకుంటుంది. ఇంతకుముందు జెలటిన్, తుమ్మజిగురు రకం గమ్ అరబిక్ కలిపి పెంకులు చేసేవాళ్ళం. 1950ల్లో అమెరికాలో ఎన్‌సీఆర్ కంపెనీలో బారెట్ గ్రీన్ కార్బన్ లేని కాపీ కాగితం కోసం తెచ్చిన పద్ధతి అది, నేర్చుకోవడానికి ఇప్పటికీ అంతకన్నా అందమైనది లేదు. తడి పీవోపీలో మాత్రం జెలటిన్ ఉబ్బిపోతుంది.

పని ఇలా సాగుతుంది. ఒక బీకరులో నీళ్ళు, మైనం బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూసే స్టైరీన్ మాలియిక్ ఎన్‌హైడ్రైడ్ కోపాలిమర్ సోడియం లవణం, కొంచెం సిట్రిక్ ఆమ్లం. 60 డిగ్రీలకు వేడిచేసి, విడిగా కరిగించిన ఐకోసేన్ పోసి హోమోజినైజర్ తిప్పుతాం. మైనం సన్నటి బిందువులై నీటిలో పరుచుకుంటుంది, అదే ఎమల్షన్. ఇక్కడో చిన్న జాగ్రత్త ఉంది, పుస్తకాల్లో కనిపించదు. హోమోజినైజర్ తల కూడా వేడి నీళ్ళలో ముంచి ఉంచాలి. జనవరి పొద్దున ఒకసారి మరిచిపోయాం. చల్లటి స్టీలు తగలగానే మైనం దాని పళ్ళలో పేరుకుని మోటారు మూలిగి ఆగిపోయింది. టూత్‌బ్రష్‌తో, వేడి నీళ్ళతో మధ్యాహ్నం దాకా తోముతూ కూర్చున్నాం.

ఇంకో ఫ్లాస్కులో మెలమిన్ పొడి, ఫార్మలిన్ (నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్). ట్రైఇథనాలమీన్‌తో పీహెచ్ 8.5, 9 మధ్య పెట్టి 70 డిగ్రీల దగ్గర తిప్పుతుంటే మొదట సున్నం నీళ్ళలా తెల్లగా ఉంటుంది. పావుగంట దాటాక ఒక్కసారిగా తేటపడుతుంది, మంచినీళ్ళలా. ఎన్ని వందలసార్లు చూశానో, ఇప్పటికీ ఆ క్షణం కోసం నిలబడి చూస్తాను. తేటపడగానే దించేయాలి. ఇంకాస్త ఉంచుదాంలే అనుకుంటే ఆ ద్రవం, అంటే పెంకు కట్టాల్సిన రెజిన్, ముదిరిపోతుంది, ముదిరినది బిందువుల మీద కాకుండా తనలో తానే అతుక్కుంటుంది.

ఆ తేట ద్రవాన్ని చుక్కలుచుక్కలుగా ఎమల్షన్‌లో వేస్తూ 65, 70 డిగ్రీల దగ్గర మూడు గంటలు నెమ్మదిగా తిప్పుతాం. ఎమల్షన్ పుల్లగా ఉంటుంది, పీహెచ్ 4.5 చుట్టూ. ఆ పులుపులో రెజిన్‌కు ధన ఆవేశం వస్తుంది. కోపాలిమర్ చుట్టుకున్న మైనం బిందువుల మీద ఉన్నది రుణ ఆవేశం. అందుకని రెజిన్ వెళ్ళి బిందువుల మీదే పేరుతుంది, అక్కడే గట్టిపడి పెంకవుతుంది. పులుపు తొందరపడి ఎక్కువ చేస్తే మాత్రం రెజిన్ నీటిలోనే ముక్కలుముక్కలుగా విడిపోతుంది. చూడటానికి అచ్చం విరిగిన పాలే. ఆ బ్యాచ్‌ను ఇక ఎవరూ బాగుచేయలేరు.

తోడు

మొదటి ఐకోసేన్ బ్యాచ్ మైక్రోస్కోపు కింద ముత్యాల రాశిలా ఉంది. సగటు సైజు 4 మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందరం సంబరపడ్డాం. డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరీమీటర్) పరీక్షకు పంపాం. నమూనాను ఒక వేగంతో వేడిచేసి, చల్లార్చి, ఎక్కడ ఎంత వేడి తీసుకుందో ఎక్కడ వదిలిందో గీసి చూపించే యంత్రం అది. కరిగేటప్పటి గీత 36 దాటాక చక్కగా ఎగసింది. చల్లార్చేటప్పటి గీత 35 దగ్గర లేవాలి కదా, అక్కడ చిన్న బొడిపె. 30 దగ్గర ఏమీ లేదు. పెద్ద శిఖరం వచ్చింది 22 దగ్గర.

అదే మైనాన్ని పెంకు లేకుండా చిన్న గిన్నెలో పెట్టి చల్లారిస్తే 35కే గడ్డకడుతుంది. పెంకులో పెట్టగానే 13 డిగ్రీలు మొండికేస్తోంది. దీన్ని సూపర్‌కూలింగ్ అంటారు, పేరుకోవాల్సిన చోటు దాటిపోయినా ద్రవంగానే ఉండిపోవడం. బెజవాడ మే నెలలో 22 డిగ్రీలు ఎక్కడ దొరుకుతుంది? ఐకోసేన్ కూడా ఆక్టాడెకేన్ దారే పట్టింది.

ఇది ఎందుకు జరుగుతుందో మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పడానికి నాకు పెరుగు కన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. గిన్నెడు పాలకు ఒక చెంచా తోడు వేస్తే గిన్నె మొత్తం తోడుకుంటుంది. ఆ పాలనే వెయ్యి చిన్న గిన్నెల్లో పోసి, ఒక్క గిన్నెలోనే తోడు వేస్తే? ఆ ఒక్కటే తోడుకుంటుంది. మైనంలో స్ఫటికం మొదలవడానికి కూడా ఏదో ఒక తోడు కావాలి: ఒక దుమ్ము కణం, ఒక మలినం, గిన్నె గోడ మీద ఒక గరుకు. పెద్ద ముద్దలో ఎక్కడో ఒకటి ఉంటుంది, అక్కడ మొదలైన స్ఫటికం మొత్తం పాకుతుంది. దాన్ని 4 మైక్రాన్ల బిందువులు చేస్తే ఒక్క గ్రాములో దాదాపు 3,800 కోట్ల బిందువులు. అన్ని కోట్ల గిన్నెలకు దుమ్ము ఎక్కడి నుంచి తెస్తాం? తోడు లేని బిందువు తనంతట తాను స్ఫటికం పుట్టించుకునేంత చల్లబడేదాకా ఆగుతుంది.

కాబట్టి ప్రతి గిన్నెలోనూ తోడు ఉండాలి, అంటే తోడు మైనంలోనే కరిగి ఉండాలి. మేం వాడింది స్టియరిల్ ఆల్కహాల్. ముఖానికి రాసుకునే క్రీముల్లో ఉండేదే. 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే ఐకోసేన్ కన్నా చాలా ముందే పేరుకోవాలని చూస్తుంది. దాని గొలుసు కూడా పారఫిన్ గొలుసులాగే ఉంటుంది కాబట్టి ఐకోసేన్ అణువులు దాని పక్కన వరుసలో నిలబడటానికి ఇబ్బంది పడవు. ఇంకో మంచి గుణం, దాని ఒక కొసకు నీటి మీద మోజు. పెంకు లోపలి గోడకు చేరి అక్కడ ముందుగా అరలా పరుచుకుంటుంది. ఆ మోజే ఇబ్బంది కూడా. ఎక్కువైతే ఎమల్షన్ చెడగొడుతుంది, బిందువులు కలిసిపోతాయి. 10 శాతం వేసిన బ్యాచ్ మొత్తం గంటలో పైకి తేలి మీగడ కట్టింది. 2 శాతంతో పెద్దగా తేడా రాలేదు. 5 దగ్గర ఆగాం. తోడు వేసినందుకు గుప్తోష్ణం కొంత తగ్గుతుంది, అది తప్పదు.

రెండో మార్పు సైజు. బిందువు పెద్దదైతే తోడు దొరికే అవకాశం పెరుగుతుంది. కానీ పెద్ద క్యాప్సూల్ సులువుగా పగులుతుంది. బలం కావాలంటే చిన్నది, పేరుకోవాలంటే పెద్దది. ఈ లాగుడుకు సరైన జవాబు లేదు, బేరమే ఉంది. హోమోజినైజర్ వేగం తగ్గించి 12 మైక్రాన్ల దగ్గర బేరం కుదుర్చుకున్నాం. గ్రాముకు బిందువులు 140 కోట్లకు దిగాయి. పెంకు కొంచెం మందం చేశాం. దానితో లోపలి మైనం వాటా 72 శాతం నుంచి 66కు పడి, గ్రాముకు 160 జౌళ్ళ చుట్టూ నిలిచింది. కాగితం మీద చూస్తే మొదటి బ్యాచ్ కన్నా తీసికట్టు సరుకు. నన్నడిగితే ఇదే మంచిది, ఎందుకంటే ఇది పేరుకుంటుంది.

పేరుకుంటుందని ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. డీఎస్‌సీ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున, అయిదారు మిల్లీగ్రాముల నమూనాను చల్లారుస్తుంది. అక్కడ కొత్త బ్యాచ్ 27 దగ్గర పేరుకున్నట్టు చూపించింది. ఈ లెక్కనైతే మళ్ళీ ఓడిపోయినట్టే. కానీ రాత్రి ఆకాశం ఆ వేగంతో చల్లార్చదు, 10 డిగ్రీలు దిగడానికి దానికి ఆరేడు గంటలు పడుతుంది. అందుకని 15 గ్రాముల పొడిని పరీక్షనాళికలో పోసి, మధ్యలో థర్మోకపుల్ అనే ఉష్ణోగ్రత కొలిచే తీగ దించి, నీళ్ళ తొట్టెలో పెట్టి రాత్రంతా నెమ్మదిగా చల్లార్చాం. పొద్దున్నే వచ్చి గ్రాఫు తీస్తే 31 దాటి 32 లోపు ఒక మెట్టు. గీత దిగుతూ దిగుతూ అక్కడ ఆగి, రెండు గంటలు అడ్డంగా నడిచి, మళ్ళీ దిగింది. ఆ మెట్టే మైనం పేరుకుంటూ వేడి వదలడం. యంత్రం ఖరీదైనదైనా అది అడిగిన ప్రశ్న వేరు, మాకు కావలసిన ప్రశ్న వేరు.

డ్రిల్ మిక్సరు

ల్యాబులో గట్టిగా నిలిచిన పొడి ఆయన పని చోట పగిలింది. కొత్త పలకల్లో ఒకదాన్ని ఎండలో పెడితే సాయంత్రానికి దాని కింద వేసిన న్యూస్‌పేపరు బజ్జీలు చుట్టిన కాగితంలా తయారైంది. వెళ్ళి చూస్తే, పెయింట్ కలిపే డ్రిల్ మిక్సరుతో ముందు పొడి పీవోపీలో పొడి క్యాప్సూళ్ళు వేసి తిప్పి, ఆ తర్వాత నీళ్ళు పోస్తున్నారు. పీవోపీ అంటే కాల్చిన జిప్సమే, ఆ జిప్సం గింజలు గరుకుగా ఉంటాయి. ఎండు గింజల మధ్య క్యాప్సూళ్ళు తిరగలిలో పడ్డట్టు పడ్డాయి.

ఆ రోజు నుంచి మేం పొడి పంపడం మానేశాం. వడకట్టిన తడి ముద్దనే డబ్బాల్లో పంపుతున్నాం, పెరుగులా ఉంటుంది. ముందు దాన్ని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో పీవోపీ చల్లుతారు. ముద్దలో ఉన్న నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే పలక బలం తగ్గుతుంది. మాకు ఎండబెట్టే ఖర్చు మిగిలింది, వాళ్ళకు దుమ్ము బాధ పోయింది. ముందే ఎందుకు ఆలోచించలేదంటే, పొడి చూపిస్తే కస్టమర్‌కు నచ్చుతుందని.

రెండు విషయాల్లో మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. ఒకటి నిప్పు. జిప్సంలో బంధించి ఉన్న నీరు మంటను ఆలస్యం చేస్తుంది, అది దాని మంచి గుణం. అందులో మైనం కలపడమంటే ఇంధనం కలపడమే. పొయ్యి వెలిగే చోట ఈ పలక వద్దని చెప్పాను. ఆయన జాబితాలోంచి టిఫిన్ సెంటర్లన్నీ పోయాయి, ఆయనకు అది నచ్చలేదు. రెండోది ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. పెంకు కట్టాక చివర్లో యూరియా వేసి మిగిలిన ఫార్మాల్డిహైడ్‌ను పట్టేస్తాం, వేడి నీళ్ళతో రెండుసార్లు కడుగుతాం. అయినా కొంచెం మిగులుతుంది. గాలి ఆడే షెడ్డుకు పర్వాలేదనిపించింది. తలుపులు మూసుకుని పసిపిల్లలు పడుకునే గదికి మాత్రం ఇవ్వనన్నాను. దానికి యాక్రిలిక్ పెంకు మీద పని మొదలుపెట్టాం.

మరుసటి మే

అదే రెండు గదులు. మరుసటి వేసవిలో కొత్త పలకలు. ఈసారి ఏసీ గదిలో పేర్చకుండా నేరుగా షెడ్డులోంచే తెచ్చి బిగించమన్నాను. ఆయన నవ్వారు.

మే రెండో వారం రీడింగులు చూస్తే, మామూలు పలక అడుగుభాగం మధ్యాహ్నం 44 దాటుతుంటే మా పలక 40 దగ్గర ఆగింది. వేడి శిఖరం రెండు గంటలు ఆలస్యంగా, నాలుగున్నర దాటాక వచ్చింది. గది గాలిలో తేడా ఒకటిన్నర, రెండు డిగ్రీలే. ఆ గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఆమె మాత్రం గాలి సంగతి ఎత్తలేదు, "నెత్తి మీద సెగ లేదండీ" అంది. గాలి చల్లబడటం కన్నా పైనుంచి కొట్టే సెగ తగ్గడమే మనిషికి ముందు తెలుస్తుంది, కాబట్టి ఆమె మాట మా థర్మామీటర్ కన్నా సరైనదే.

రాత్రి గ్రాఫులో మెట్టు వచ్చింది. కానీ తెల్లవారుజామున రెండింటికి మొదలై, పూర్తికాకుండానే పొద్దు పొడిచేది. గోడల పైభాగం, రేకుకూ పలకకూ మధ్య ఖాళీ, రెండు వైపులా మూసి ఉంది. పగటి వేడి అక్కడే మగ్గుతోంది. రెండు వైపులా జాలీ ఇటుకలు పెట్టించాం. ఖర్చు మా క్యాప్సూళ్ళలో పదో వంతు కూడా కాదు. మెట్టు పదకొండున్నరకే మొదలవడం మొదలైంది, ఐదింటికల్లా ముగిసేది. జాలీ లేకుండా ఈ పలకలు ఎవరికీ అమ్మొద్దని ఆయనకు రాసిచ్చాను.

మబ్బు పట్టిన రాత్రుల సంగతి ఇంకా అలాగే ఉంది. ఆకాశం తేటగా ఉంటే రేకు తన వేడిని పైకి వదిలేసి గాలి కన్నా చల్లబడుతుంది. మబ్బు కమ్మితే ఆ దారి మూసుకుపోతుంది. మే చివర్లో వరసగా మూడు రాత్రులు ఉక్కపోత, మబ్బు. మూడు రాత్రులూ గ్రాఫులో మెట్టు లేదు, మూడు మధ్యాహ్నాలూ రెండు గదులూ ఒకటే. నాలుగో రోజు ఆయనే ఫోను చేశారు. గ్రాఫు చదవడం ఈ ఏడాదిలో నేర్చుకున్నారు.

"రాత్రి మెట్టు రాలేదమ్మా. ఇవాళ సెగ కొడుతుందని ఆమెకు ముందే చెప్పేశాను."

తోడు ఇంకో డిగ్రీ పైకి జరపగలమేమో చూస్తున్నాం. యాక్రిలిక్ పెంకు బ్యాచ్ 60 డిగ్రీల ఓవెన్‌లో వడపోత కాగితం మీద ఉంది, గంట తర్వాత చూస్తే మరక ఇంకా రూపాయి బిళ్ళంత వస్తోంది.